ఆ ఇనుప డబ్బా ఎవరిది? హాలు స్టోరు గదిలో దొరికిన మైకు సెట్టు కథ



పోయిన వారం హాలుకు సున్నం వేయించడానికి స్టోరు గది ఖాళీ చేసినప్పుడు తీసిన ఫోటోను ఒక తమ్ముడు మన గుంపులో పెట్టి, "ఈ డబ్బా ఎవరిది? గుజిరీకి వేసేద్దామా?" అని అడిగినాడు. పచ్చ రంగు వేసిన ఇనుప డబ్బా, ముందర మూడు గుండ్రటి తిరుగుడు బిళ్లలు, వెనక తుప్పు పట్టిన మరలు. దానికింద వచ్చిన జవాబులన్నీ చదివినాము. ఒకరు పాత టీవీ స్టెబిలైజర్ అన్నారు. ఇంకొకరు లారీ బ్యాటరీ చార్జరు అన్నారు. ఒక అక్క, "మా నాయన రేడియోకు ఇట్లాంటి ఎలిమినేటర్ ఉండేది" అన్నది. మూడు జవాబులూ తప్పే. కానీ ఆ మూడూ ఆ డబ్బాకు దగ్గరి చుట్టాలే. అందుకే ఈసారి కథ కొంచెం పొడుగ్గా చెప్తాము, ఓపికగా చదవండి. చివర్లో మేము ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఉంది. దానికోసమే రాయడానికి కూర్చున్నాము.

అది మన కేజీఎఫ్‌లోనే, మన సంఘం కోసమే చేసిన ఆంప్లిఫయరు. 1988 ఉగాదికి చేయించినాము.

ముందు కరెంటు సంగతి. మన ఊరికి ఈ విషయంలో కొంచెం గర్వపడే హక్కు ఉంది. కావేరి మీద శివనసముద్రం దగ్గర పుట్టిన కరెంటు 1902లోనే దాదాపు 147 కిలోమీటర్లు తీగల మీద నడిచి కోలారు బంగారు గనులకు వచ్చింది. బెంగళూరు వీధులకు కరెంటు దీపాలు 1905లో. అంటే రాజధాని కంటే మూడేళ్లు ముందు మన గనుల్లో యంత్రాలు కరెంటుతో తిరిగినాయి. అయితే ఆ కరెంటు బంగారం కోసం వచ్చింది, మనుషుల కోసం కాదు. చిత్తూరు వైపు నుంచి, ఉత్తరార్కాటు నుంచి వచ్చి లైన్లలో కాపురం పెట్టిన మన తాతల ఇళ్లలో ఎన్నో ఏళ్లు కిరసనాయిలు బుడ్లే. గని లోపల దీపం, ఇంటిలో చీకటి అని మా అవ్వ చెప్పేది.

అందుకే మన వాళ్లకు పాట, మాట వినిపించే పెట్టె మొదట బ్యాటరీతోనే వచ్చింది. వాల్వు రేడియోల కాలంలో బ్యాటరీ సెట్టుకు రెండు రకాల బ్యాటరీలు కావాలి. వాల్వు లోపలి తీగ వెలగడానికి ఒకటిన్నర వోల్టులది ఒకటి, పని జరగడానికి 90 వోల్టులది ఇంకొకటి. ఆ పెద్ద బ్యాటరీ అయిపోతే మళ్లీ కొనడం కూలి మనిషికి అయ్యే పని కాదు. అమెరికాలో 1920లలోనే ఈ ఖర్చు తప్పించడానికి గోడ కరెంటు నుంచే ఆ వోల్టులు తీసిచ్చే పెట్టెలు వచ్చినాయి. వాటి పేరే బ్యాటరీ ఎలిమినేటర్. బ్యాటరీని లేకుండా చేసేది అని అర్థం. ఆ పేరు అక్కడ ఎప్పుడో మరుగున పడింది కానీ మన దేశంలో మాత్రం యాభై అరవై ఏళ్ల తర్వాత కూడా రాబర్ట్‌సన్‌పేట అంగళ్లలో "అన్నా, ఆరు వోల్టుల ఎలిమినేటర్ ఉందా?" అని అడిగి కొనుక్కున్నాము. ఆ అక్క వాళ్ల నాయన రేడియోకు ఉండింది అదే.

ఊళ్లో నాటకం, హరికథ అంటే మైకు సెట్టు బాడుగకు తెచ్చుకోవాల్సిందే. పాతకాలం మైకు సెట్టు వాల్వులది. దానికి లారీ బ్యాటరీ ఒకటి వెంట వచ్చేది. 12 వోల్టుల బ్యాటరీతో వాల్వు పని చేయదు, దానికి వందల వోల్టులు కావాలి. అందుకని లోపల వైబ్రేటర్ అని ఒక భాగం ఆ 12 వోల్టులను తెంపి తెంపి ట్రాన్స్‌ఫార్మరుకు ఇచ్చేది, ట్రాన్స్‌ఫార్మరు పెంచి ఇచ్చేది. సెట్టు పక్కన చెవి పెడితే తుమ్మెద తిరిగినట్టు వినపడే చప్పుడు దానిదే. బ్యాటరీలో పాలు కలిపినట్టు స్వచ్ఛమైన కరెంటు ఉంటుంది, అలలు ఉండవు. గోడ కరెంటుకు అలలుంటాయి. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత కావాలి.

1947లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. మనకు దగ్గరగా, బెంగళూరు జాలహళ్లిలో 1954లో మొదలైన భారత్ ఎలక్ట్రానిక్స్ 1962లో జర్మేనియం ట్రాన్సిస్టర్లు చేయడం మొదలుపెట్టింది. ట్రాన్సిస్టరుకు వందల వోల్టులు అక్కరలేదు, తొమ్మిదో పన్నెండో చాలు. మన ఊరి కుర్రాళ్లకు ఇది ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. వాల్వు సెట్టు విప్పి చెయ్యి పెడితే ప్రాణం పోవచ్చు. ట్రాన్సిస్టరు సెట్టు విప్పి చెయ్యి పెడితే పోయేది ట్రాన్సిస్టరే. భయం పోయింది కాబట్టి చేతులు ముందుకు వచ్చినాయి. డిల్లీ నుంచి 1969లో మొదలైన ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ పత్రిక చేతులు మారి మారి మన లైన్లకు వచ్చేది. అందులోని సర్క్యూట్లు ట్రేసింగు కాగితం మీద దించుకుని, మారికుప్పం నుంచి బెంగళూరు పోయే రైలెక్కి, ఎస్పీ రోడ్డులో భాగాలు కొనుక్కొచ్చి, ఇంట్లో సాల్డరింగ్ చేసేవాళ్లు. అసెంబుల్డ్ సెట్టు అనేవాళ్లం. కంపెనీ సెట్టు కొనలేనివాడి సెట్టు అని కొందరు తక్కువగా చూసేవాళ్లు. మా ఇంట్లో మాత్రం అసెంబుల్డ్ సెట్టులోనే సిలోను పాటలు, వివిధభారతి పాటలు విన్నాము. బాగానే వినపడినాయి.

బాగానే అన్నాము కదా, ఒక్క రోగం తప్ప. గుయ్యిమనే చప్పుడు.

అది ఎందుకు వస్తుందో చెప్పాలంటే గోడ కరెంటు సంగతికి రావాలి. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దాన్ని 230 నుంచి 12కో 15కో దించుతుంది. నాలుగు డయోడ్లు ఆ ఊగుడును ఒకే వైపుకు తిప్పుతాయి. అప్పుడు సెకనుకు 100 దిబ్బలు, 100 గుంటలు వస్తాయి. ఆ గుంటలు పూడ్చడానికి కండెన్సరు పెడతారు. అది చిన్న తొట్టి లాంటిది. దిబ్బ వచ్చినప్పుడు నిండుతుంది, గుంట వచ్చినప్పుడు పోస్తుంది. తొట్టి చిన్నదై, వాడకం ఎక్కువైతే గుంట పూడదు. ఆ పూడని గుంటలే స్పీకరులో సెకనుకు 100 సార్ల గుయ్యి. మృదంగం ఎడమ మూత పలికే చోటే ఈ గుయ్యి కూడా కూర్చుంటుంది. రేడియోలో అయితే సర్దుకుంటాము. మైకు పెట్టి, దాని సన్నటి గొంతును వందల రెట్లు పెంచే సెట్టులో అయితే పాటగాడి కంటే ముందు గుయ్యే పాడుతుంది.

లెక్క చిన్నదే, చెప్తాము. ఒక ఆంపియరు వాడే సెట్టుకు 1000 మైక్రోఫ్యారడ్ కండెన్సరు పెడితే, రెండు దిబ్బల మధ్యలో వోల్టులు పదికి దగ్గరగా పడిపోతాయి. 4700 పెడితే రెండు వోల్టులే పడతాయి. పెద్ద కండెన్సరు, పెద్ద ఖర్చు. ఈ రెండు అంకెలు కూడా గుర్తు పెట్టుకోండి.

కండెన్సరు ఒక్కటే చాలదని పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లకు మొదటినుంచీ తెలుసు. వాల్వు కాలంలో గాజు బుడ్డిలో కొంచెం వాయువు నింపి, అది వెలిగేటప్పుడు రెండు కొసల మధ్య వోల్టులు దాదాపు మారకుండా నిలుస్తాయి కనుక దాన్నే వోల్టేజీ కాపలాకు పెట్టినారు. తర్వాత జెనర్ డయోడు వచ్చింది. క్లారెన్స్ జెనర్ అనే శాస్త్రవేత్త పేరు దానికి పెట్టినారు. 12 వోల్టుల జెనరు దగ్గర 12 దాటితే మిగిలింది అది మింగేస్తుంది. ఒక్క జెనరు ఎక్కువ కరెంటు మోయలేదు, అందుకని దాని వెనక బలమైన ట్రాన్సిస్టరు ఒకటి పెడతారు. జెనరు హద్దు చెప్తుంది, ట్రాన్సిస్టరు మూట మోస్తుంది. మన ఊళ్లో డెబ్భైలలో చేసిన మంచి ఎలిమినేటర్లు ఈ పద్ధతివే. కానీ ఎక్కడైనా రెండు తీగలు తగిలి షార్టు అయితే ఆ ట్రాన్సిస్టరు రెప్పపాటులో మాడిపోయేది. మళ్లీ రైలు, మళ్లీ ఎస్పీ రోడ్డు.

ఈ మొత్తం తంతును ఒక చిన్న సిలికాన్ ముక్క మీదకు ఎక్కించినవాళ్లలో ముందు వరసలో ఉండేవాడు బాబ్ విడ్లర్ అనే అమెరికా ఇంజనీరు. 1960ల చివర నేషనల్ సెమికండక్టర్ కంపెనీలో మొదట ఎల్ఎం100, తర్వాత ఎల్ఎం109 చేసినాడు. ఎల్ఎం109కు కాళ్లు మూడే. లోపలికి, బయటికి, నేల. అయిదు వోల్టులు ఇస్తుంది. ఆ మనిషి మేధావే కాదు, మహా తిక్కవాడు కూడా. కంపెనీ ఖర్చులు తగ్గించి ముందరి పచ్చికను కోయించడం మానేసిందని, 1970లో కారులో ఒక గొర్రెను తెచ్చి ఆఫీసు ముందర మేపినాడు. మన కోలారు వైపు ఇంట్లో గొర్రె లేనివాడు తక్కువ కాబట్టి ఈ సంగతి చదివినప్పుడు ఆ మనిషి మనకు దగ్గరివాడిగా అనిపించినాడు.

ఆయన ఆ ముక్కలో పెట్టిన ఒక గుణం మన కథకు ముఖ్యం. షార్టు అయితే కరెంటును తనే ఒక హద్దులో ఆపుకుంటుంది. వేడి మరీ ఎక్కువైతే మాడిపోకుండా తనే నోరు మూసుకుంటుంది. చల్లారినాక మళ్లీ పని మొదలుపెడుతుంది.

డెబ్భైల మొదట్లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ 7800 వరస తెచ్చింది. 7805 అంటే అయిదు వోల్టులు, 7812 అంటే పన్నెండు. ముందు 78 ఉంటే ప్లస్సు, 79 ఉంటే మైనస్సు. పేరులోనే వోల్టులు ఉన్నాయి కనుక చదువు రానివాడు కూడా తప్పు భాగం కొనలేడు. ఇంగ్లీషు రాని మన మెకానిక్కులు కూడా "అన్నా, డెబ్భై ఎనిమిది పన్నెండు ఒకటి" అని అడిగేవాళ్లు. 1976లో అదే నేషనల్ కంపెనీలో బాబ్ డాబ్కిన్ చేసిన ఎల్ఎం317కు ఒక హద్దు అంటూ లేదు, రెండు రెసిస్టర్లు మార్చుకుంటే ఒకటింపావు వోల్టు నుంచి 37 దాకా ఏది కావాలంటే అది. ఈ మూడు కాళ్ల భాగాలు ఎనభైల నాటికి ఎస్పీ రోడ్డులో కుప్పలు పోసి అమ్మినారు.

స్టెబిలైజర్ అన్న తమ్ముడికి ఒక మాట. స్టెబిలైజర్ గోడ కరెంటును 230కి దగ్గరగా ఉంచడానికి మెట్లు మెట్లుగా ఎక్కించి దించుతుంది. టిక్కు టిక్కు మని రిలే కొట్టుకునేది అందుకే. అది టీవీని కాపాడుతుంది కానీ గుయ్యిని తీయలేదు. రెగ్యులేటరు పని దాని తర్వాత, డయోడ్లు కండెన్సర్లు దాటినాక.

ఇంక 1988.

అప్పట్లో మన హాలుకు రేకుల కప్పు. మైకు సెట్టు బాడుగ ప్రతి పండక్కీ పెరుగుతున్నది. గనులు నష్టాల్లో నడుస్తున్నాయని చందా ఇచ్చే చేతులు కూడా వెనకాడుతున్నాయి. ఒక సెట్టు మనమే చేయించుకుంటే బాడుగ తప్పుతుంది అని కమిటీలో అనుకున్నాము. మేము అప్పుడు కమిటీలో అందరికన్నా చిన్నవాళ్లం, లెక్కల పుస్తకం రాసేది మేమే. రాబర్ట్‌సన్‌పేటలో ఒక రేడియో రిపేరు అంగట్లో పని నేర్చుకున్న పిల్లోడు ఉండినాడు. వాళ్ల నాయన ఛాంపియన్ రీఫ్ గనిలో దిగేవాడు. పేరు చెప్పము, పెద్దవాళ్లకు తెలుసు. "నేను చేసిస్తా, కూలి వద్దు, భాగాలకు డబ్బు ఇయ్యండి చాలు" అన్నాడు.

ఆ పిల్లోడు ఎంచుకున్నది సాన్యో వాళ్ల ఎల్ఏ4440. 14 కాళ్ల ఐసీ, కార్లలో టేపు రికార్డరుకు చేసింది. రెండు స్పీకర్లకు ఆరేసి వాట్లు, రెండూ కలిపి ఒకటిగా వాడితే 19 వాట్లు. మన హాలుకు సరిపోతుంది. కారు బ్యాటరీకి చేసింది కాబట్టి దానికి 13 వోల్టుల దరిదాపు ఇష్టం, 18 దాటితే కష్టం. ట్రాన్స్‌ఫార్మరు బజారులో కొనకుండా పాత ఇనుప పలకలు సంపాదించి, తీగ కొని, తనే చేత్తో చుట్టినాడు. 15 వోల్టులది. 15 వోల్టులు డయోడ్లు, కండెన్సరు దాటేసరికి దాదాపు 20 అవుతాయి, రాత్రి పొద్దుపోయినాక ఊరంతా దీపాలు ఆర్పి కరెంటు ఎక్కువైతే ఇంకా పైకి పోతాయి. నేరుగా ఇస్తే 4440 మాడుతుంది. కాబట్టి రెగ్యులేటరు కావాలి.

ఇక్కడ ఆ పిల్లోడు కాగితం మీద ఒక జాబితా రాసి ఇచ్చినాడు. 7812 ఒకటి. 2ఎన్3055 ట్రాన్సిస్టరు ఒకటి. 4700 కండెన్సరు రెండు. పెద్ద హీట్ సింక్ ఒకటి. మైకు దగ్గరి చిన్న బోర్డుకు వేరేగా ఇంకో 7812. ఎందుకని అడిగితే వివరంగా చెప్పినాడు. 7812 ఒక్కటే ఒక ఆంపియరు కన్నా ఎక్కువ మోయలేదు, సౌండు గట్టిగా పెట్టినప్పుడు 4440 అంతకన్నా ఎక్కువ అడుగుతుంది, కాబట్టి 7812 దారి చూపించాలి, 2ఎన్3055 మూట మోయాలి అన్నాడు. పాత జెనరు పద్ధతే, జెనరు చోట 7812. ఆ 2ఎన్3055 పదిహేను ఆంపియర్ల దాకా మోసే ఘటం.

కమిటీలో ఒక పెద్దాయన ఆ జాబితా తీసుకుని ఎర్ర పెన్నుతో గీతలు కొట్టినాడు. "7812 ఉంది కదా, మళ్లీ ఆ 3055 ఎందుకు? ఒక పనికి ఇద్దరు కూలోళ్లా? కండెన్సరు ఉన్నది పెట్టప్పా, 1000ది చాలు. అల్యూమినియం రేకు మా ఇంట్లో ఉంది, హీట్ సింకు వద్దు." మేము ఏమీ అనలేదు. గీతలు కొట్టిన జాబితాను లెక్కల పుస్తకంలో అతికించి, మిగిలింది 38 రూపాయలు అని రాసినాము. సంతోషంగానే రాసినాము.

ఉగాది రాత్రి సత్య హరిశ్చంద్ర నాటకం. సాయంత్రం పరీక్ష చేస్తే సెట్టు గంటలా పలికింది. గుయ్యి లేదు. అందరూ ఆ పిల్లోడి భుజం తట్టినారు. అతిథులు వస్తున్నారు, ఈ పచ్చ డబ్బా బల్లమీద బాగలేదని మేమే దాన్ని బల్ల కిందికి జరిపి, ముందర గుడ్డ వేలాడదీసినాము. మేమే అంటే మేమే, ఇంకెవరో కాదు.

మొదటి గంట బాగానే నడిచింది. ఊళ్లో అన్ని ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు వేసేసరికి కరెంటు తగ్గి గుయ్యి మొదలైంది. మెల్లగా జనం గొణుగుడు. పొద్దుపోయినాక కరెంటు మళ్లీ పెరిగి గుయ్యి పోయింది, హమ్మయ్య అనుకున్నాము. కాటి సీను వచ్చింది. హరిశ్చంద్రుడి వేషం కట్టింది గనిలో టింబరు పని చేసే ఆయన. ఏడాదంతా షిఫ్టు దిగి వచ్చి సాధన చేసినాడు. గొంతెత్తి పద్యం అందుకున్నాడు, హార్మోనియం అందుకుంది, సెట్టు నోరు మూసుకుంది. అయిదు నిమిషాలకు తనే పలికింది. రెండు పాదాలు పాడినాడు, మళ్లీ మూసుకుంది. అట్లా నాలుగు సార్లు. చివరికి ఆయన మైకును పక్కకు నెట్టి ఉత్త గొంతుతో పాడినాడు. ముందు నాలుగు వరసలకే వినపడింది. వెనక కూర్చున్న వాళ్ల అమ్మకు వినపడలేదు.

మరుసటి రోజు కమిటీలో ఏమన్నామో రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాము. పాత భాగాలు పెట్టి కొత్తవాటి డబ్బు తీసుకున్నాడు అన్నాము. ఒకసారి పలికి ఒకసారి పలకని సెట్టు ఏ భాగం చెడిపోయినా ఉండదు, తీగలు సరిగ్గా అతకలేదు, పని రానివాడు అన్నాము. ఆ పిల్లోడు "అన్నా, అది చెడిపోలేదు, వేడెక్కి ఆగింది, నేను అడిగింది ఇయ్యలేదు మీరు" అని ఒక్కసారి చెప్పినాడు. ఎవరూ వినలేదు. మేము వినినాము, మాట్లాడలేదు. కొన్ని నెలలకు అతను బెంగళూరుకు పోయినాడు. మన హాలు మెట్లు మళ్లీ ఎక్కలేదు. సెట్టు స్టోరు గదికి పోయింది, బాడుగ మైకు మళ్లీ వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసినాక ఊరే సగం ఖాళీ అయింది, ఇంక ఈ డబ్బా ఎవరికి గుర్తుంటుంది.

పోయిన ఆదివారం, ఫోటో పెట్టిన తమ్ముడినీ, బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పని చేసే మన సంఘం పాపనూ కూర్చోబెట్టుకుని డబ్బా విప్పినాము. లోపల దుమ్ము, ఒక బల్లి గుడ్డు పెంకు. సాల్డరింగ్ ఒక్కొక్క చుక్క వెండి పూసలా మెరుస్తూ ఉంది, ఒక్క తీగ కూడా వదులు లేదు. పాప చూసి, "ఇది చేసింది ఎవరు మామా? మా కంపెనీలో ఇంత నీటుగా చేసేవాళ్లు తక్కువ" అన్నది. పాత కండెన్సరు ఉబ్బి ఉంది, దాన్ని తీసి ఆమె తెచ్చిన కొత్తది తాత్కాలికంగా తగిలించి, జాగ్రత్తగా కరెంటు ఇచ్చింది. మీటరు పెట్టింది. 12.0. ముప్పై ఏళ్లు దాటినా అదే 7812, అదే 12 వోల్టులు.

తర్వాత ఆమె కాగితం తీసుకుని మాకు లెక్క చెప్పింది. 20 వోల్టులు వచ్చి 12 పోతే మధ్యలో మిగిలిన ఎనిమిది ఎక్కడికి పోతాయి? వేడిగా పోతాయి. ఒక ఆంపియరు నడిస్తే ఎనిమిది వాట్ల వేడి. సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, అందులో మూడో వంతు వేడి బొటనవేలి గోరంత భాగంలో. సరైన రెక్కలు లేకుండా ఆ భాగం రెండు వాట్లు కూడా నిలకడగా మోయలేదు. మేము ఇచ్చింది పెద్దాయన ఇంటి రేకు ముక్క, ఆపైన గాలి ఆడకుండా గుడ్డ. పొద్దుపోయినాక కరెంటు పెరిగి వేడి ఇంకా పెరిగింది, కాటి సీనులో సౌండు గట్టిగా పెట్టడంతో హద్దు దాటింది. లోపలి సిలికాన్ దాదాపు 150 డిగ్రీలు దాటితే అది ఆగిపోవాలి. ఆగింది. చల్లారినాక పలకాలి. పలికింది. చెడిపోయిన భాగం అట్లా చేయదు, ఆరోగ్యంగా ఉన్న భాగమే అట్లా చేస్తుంది.

మొదట వచ్చిన గుయ్యి సంగతీ చెప్పింది. 7812కు తన 12 ఇవ్వాలంటే లోపలికి కనీసం 14 రావాలి. కరెంటు 230 నుంచి 180కి పడితే మన 20 కాస్తా 15 అవుతుంది. 1000 కండెన్సరుతో గుంటల్లో అది 14 కంటే ఎంతో కిందికి దిగిపోతుంది, ఆ గుంటలన్నీ నేరుగా స్పీకరుకు. 4700వి రెండు ఉంటే ఆ గుంటలు ఒక వోల్టు దగ్గరే ఆగి ఉండేవి, 7812 ఆ రాత్రంతా గట్టున నిలబడి ఉండేది. జాబితాలో ఉన్న ప్రతి వస్తువుకూ కారణం ఉంది మామా, ఒక్కటీ ఎక్కువ అడగలేదు, అన్నది పాప. ఆమెకు లెక్కల పుస్తకం ఇంకా చూపించలేదు. అప్పుడు చూపించినాము. ఎర్ర గీతలు ఇంకా రంగు పోలేదు.

ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన మీదకు నెట్టి మేము చేతులు దులుపుకోలేము. ఆయనకు ఎలక్ట్రానిక్స్ తెలియదు, సంఘం డబ్బు మీద భయం ఎక్కువ, అంతే. మాకు ఆ పిల్లోడు వివరంగా చెప్పినాడు, మాకు అర్థమైంది కూడా. గుడ్డ వేలాడదీసింది మేము. మాట్లాడవలసిన రోజున మాట్లాడనిది మేము.

నంబరు సంపాదించి సోమవారం ఫోన్ చేసినాము. హోసూరులో ఉంటున్నాడు, మనవడు పుట్టినాడట. మొదట మమ్మల్ని గుర్తు పట్టలేదు. సెట్టు విప్పినాము, 12 వోల్టులు వచ్చినాయి, తప్పు నీది కాదు, మాది అని చెప్పినాము. చాలాసేపు ఏమీ అనలేదు, ఫోన్ తెగిపోయిందేమో అనుకున్నాము. తర్వాత, "అన్నా, ఆ ట్రాన్స్‌ఫార్మరు ఉందా? గుజిరీకి వెయ్యద్దండి. ఆ తీగ మా నాయన జీతంలో కొన్నది, మీకు లెక్కలో రాయలేదు" అన్నాడు. లెక్కల పుస్తకం మళ్లీ తీసి చూసినాము. నిజమే, ట్రాన్స్‌ఫార్మరు తీగకు పైసా రాసి లేదు.

కాబట్టి తమ్ముడూ, ఆ డబ్బాను గుజిరీకి వేయవద్దు. వచ్చే నెల సభలో లెక్కల పుస్తకంలో 1988 పేజీ కింద ఆ తీగ ఖర్చును రాయించాలని, 38 రూపాయలు మిగిలినాయన్న మాటను కొట్టివేయించాలని మేము తీర్మానం పెడుతున్నాము. బలపరచడానికి ఎవరైనా చెయ్యెత్తండి. 2ఎన్3055 ఒకటి, 4700 కండెన్సర్లు రెండు, పెద్ద హీట్ సింక్ ఒకటి పాప ఎస్పీ రోడ్డులో కొని తెస్తానన్నది. ఆయన ఉగాదికి ముందు ఆదివారం వస్తానన్నాడు, సాల్డరింగ్ ఐరన్ తనదే తెచ్చుకుంటానన్నాడు. ఆరోజు బల్ల కింద కాదు, బల్లమీదే పెడదాము.